కాన్సరు రోగికి ప్రాణవాయువు

కాన్సరు వ్యాధికి రసాయన చికిత్స పొందువారికి ఆయాసము కలిగినపుడు బంధువులు మొదట తలచునది ప్రాణవాయువు సిలిండరు. అది తెచ్చినచో చాలునని కొందఱును, ప్రాణవాయువే కాన్సరును హరించునని కొందఱును నమ్ముచున్నారు. ఈ నమ్మకములలో సత్యమెంతయో విచారింతము.

రసాయన చికిత్స తెలుగువారికి పరాయిది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, వారి బృందము అమినోప్టెరిను అను మందును సిద్ధపఱచెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తకాన్సరు సోకిన పిల్లలకిచ్చి, కొందఱికి తాత్కాలికముగ నెమ్మదించినట్లు 1948లో ప్రకటించెను. దాని వర్గమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఇట్టి మందులు త్వరగా పెరుగు కణములను చంపును. ఎముకల మూలుగలో రక్తకణములును త్వరగా పుట్టుచుండును గనుక వానికిని దెబ్బ తగులును.

అనంతపురపు మెట్టసీమలో కపిల తోలిన కాలమును పెద్దలెఱుగుదురు. బావిలో నీరున్నంత మాత్రమున మడి తడియదు. ఆ నీటిని పైకి తెచ్చు బానయు నుండవలెను. మన దేహములో ఊపిరితిత్తులు బావి. రక్తములోని హిమోగ్లోబిను బాన.

న్యుమోనియా వచ్చినను, ఊపిరితిత్తుల చుట్టు నీరు చేరినను, వాని నాళములలో రక్తపు గడ్డ అడ్డుపడినను బాన సగమే నిండును. అపుడు సిలిండరు ప్రాణాధారము. మూలకారణమునకు చికిత్స జరుగువఱకు అది రోగిని కాపాడును. కాని రక్తమే తగ్గినపుడు ఉన్న బానలన్నియు నిండియే యుండును. వేలికి తగిలించు ఆక్సిమీటరు 98 చూపుచుండగనే రోగి నాలుగడుగులు వేయలేక రొప్పును. ఆ యంత్రము బాన నిండినదా యని చూచునే గాని ఎన్ని బానలున్నవో లెక్కింపదు. అట్టివారికి కావలసినది రక్తపరీక్షయు, అవసరమైనచో రక్తము నెక్కించుటయు.

ప్రాణవాయువునకును మోతాదు గలదు. బ్లియోమైసిను అను మందు పొందినవారికి అది మితిమీరినచో ఊపిరితిత్తులు చెడవచ్చును. అట్టివారు ఏ ఆసుపత్రి కేగినను ఆ మందు పేరు ముందుగ తెలుపవలెను.

1931లో నోబెలు బహుమానము పొందిన జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్బర్గు, కాన్సరు కణములు చక్కెరను వినియోగించుకొను తీరు వేరని చూపెను. దీనిని సాకుగ గొని ప్రాణవాయువు, ఓజోను, హైడ్రొజను పెరాక్సైడు కాన్సరును మాన్పునని చెప్పువారు కలరు. దానికి రుజువు లేదు. పెరాక్సైడును త్రాగించుట, నరములకెక్కించుట ప్రాణాపాయకరము. వేరుసెనగ పంట ఎండిన యేట గొఱ్ఱెలను తెగనమ్మి ఇట్టివానికి వెచ్చించిన యింట, తరువాతి విడత చికిత్సకు బస్సు చార్జీయైనను మిగులదు.

అనంతపురమునుండి బెంగుళూరు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అచటి కిద్వాయి వంటి ఆసుపత్రులలో మందెక్కించుకొని యిల్లు చేరిన పిదపనే ప్రమాదము తలచూపుట కలదు. సాధారణముగ మందు పొందిన 7 మొదలు 14 దినములలో తెల్లకణములు మిక్కిలి తగ్గును. ఆ దినములలో జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవాఱువఱకు వేచియుండరాదు; ఆసుపత్రికి పోవలెను. కూర్చున్నను ఆయాసము తగ్గకున్నను, ఛాతిలో నొప్పి పుట్టినను, పెదవులు నీలివన్నె దాల్చినను, ఆక్సిమీటరు 94కంటె దిగినను 108 వాహనమును పిలువవలెను. ఆక్సిమీటరు పెట్టుటకు ముందు గోళ్లరంగు తుడిచి, చల్లబడిన వేలిని వెచ్చచేయవలెను.

వైద్యుడు ఇంట సిలిండరు నుంచుకొనుమన్నచో పొయ్యి, దీపము, బీడీ దానిదరి చేరరాదు. నూనె చేతులతో దానిని ముట్టరాదు. ప్రాణవాయువు కొఱత లేకయే రొప్పు రోగులు కొందఱుందురు. కారణమును వైద్యుడు పరీక్షించిన పిదప, అట్టివారికి ముఖముపై విసనకఱ్ఱతో మెల్లగ వీచినను ఉపశమనము కలుగును. దానికి ఖర్చు లేదు; ప్రక్కన కూర్చుండు మనిషి యొకరుండవలెను.