పాతకారుకు పునర్జన్మ – ఇంజన్ బ్లాక్ ఎంపిక

పాఠ్యభాగ ఉద్దేశం

పాత యంత్రాన్ని బాగుచేసేటప్పుడు ఏ భాగాన్ని నిలుపుకోవాలి, ఏ భాగాన్ని మార్చాలి అనే ప్రశ్న ఎదురవుతుంది. ఆ నిర్ణయం అభిమానంతోనో తొందరపాటుతోనో గాక, పరీక్షించి, కొలిచి తీసుకోవాలని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌ను సందర్శించినవారు అక్కడి పసుపురంగు రోల్స్ రాయిస్ కారును చూసి ఆశ్చర్యపోతారు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారయింది. ఆయన 1911లోనే కన్నుమూయడం వల్ల అది ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు చెందింది. చూపరుల దృష్టి దాని రాజసం మీదనే నిలుస్తుంది. అయితే ఆ రాజసాన్ని ముందుకు నడిపించేది లోపల దాగిన ఇంజన్. అందులోని ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు ఇనుప దిమ్మలుగా పోతపోశారు. అమెరికాలో 1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టి కారులో నాలుగు సిలిండర్లూ ఒకే దిమ్మలో ఉండేవి. కాలక్రమంలో ఈ రెండవ పద్ధతే స్థిరపడింది. ఈ దిమ్మకే ఇంజన్ బ్లాక్ అని పేరు.

రాజుల కార్ల సంగతి అలా ఉంచి, మన పల్లెలకు చిరపరిచితమైన అంబాసిడర్‌ను తీసుకొందాం. రాయికోడ్‌లో ఒక ఇంటి వసారాలో, తాతగారు 1960వ దశకంలో కొన్న అంబాసిడర్ ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నదనుకొందాం. మనుమడు దానిని తిరిగి నడిపించాలని సంకల్పించి, జహీరాబాదుకు చేర్చి ఇంజన్ విప్పించాడు. సిలిండర్లలో తుప్పు కనిపించింది. “ఇది పాత ఇనుము కింద అమ్మి, వేరే బ్లాక్ తెచ్చుకో బాబూ” అని మేస్త్రీ సలహా ఇచ్చాడు. “తాత బండి, అదే ఇంజన్ ఉండాలె” అని ఇంట్లోవారు పట్టుబట్టారు. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉన్నది. ఆ యువకుడు ఎలా నిర్ణయించాలి?

ముందుగా బ్లాక్ స్వరూపాన్ని తెలుసుకోవాలి. బీదరు కళాకారులు ఇసుక అచ్చులో లోహాన్ని పోసి బిద్రీ పాత్రకు ఆకారం కల్పిస్తారు. ఇంజన్ బ్లాక్ కూడా ఇసుక అచ్చులో పుట్టేదే. కాకపోతే ఇక్కడి లోహం పోత ఇనుము. పిస్టన్లు కదలే సిలిండర్లు, వాటి చుట్టూ నీరు తిరిగే మార్గాలు, నూనె ప్రవహించే రంధ్రాలు, క్రాంక్ షాఫ్ట్‌ను మోసే బేరింగు స్థానాలు అన్నీ ఆ ఒక్క దిమ్మలోనే ఉంటాయి. పిస్టన్లు, వాల్వులు, గ్యాస్కెట్లు అరిగితే కొత్తవి వేయవచ్చు. వాటన్నింటికీ ఆధారమైన బ్లాక్ లోపభూయిష్టమైతే కొత్త భాగాలకు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. అందుచేత పునర్నిర్మాణంలో మొదట తేల్చుకోవలసింది బ్లాక్ విషయమే.

మొదటి పరిశీలన గుర్తింపునకు సంబంధించినది. ఇంజన్ నంబరు బండి నమోదు పత్రంలో ఉన్న నంబరుతో సరిపోతున్నదా అని చూడాలి. ఇంజన్ మార్చినప్పుడు ఆ సంగతి రవాణా శాఖకు తెలిపి పత్రంలో నమోదు చేయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. యాభై సంవత్సరాలు దాటి, తొలి రూపాన్ని నిలుపుకొన్న సొంత వాహనాలకే ఆ గుర్తింపు లభిస్తుంది. చాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజన్‌లోగాని పెద్ద మార్పులు చేసి ఉండరాదు. కనుక తొలి బ్లాక్‌ను కాపాడుకోవాలన్న ఇంట్లోవారి మాట కేవలం మమకారం కాదు. బండి చరిత్రకు అది సాక్ష్యం.

రెండవది పొందిక. పైకి ఒకేలా కనిపించే బండ్లలో ఇంజన్లు వేరువేరుగా ఉండవచ్చు. తొలి అంబాసిడర్లలో 1476 సి.సి. ఇంజన్ ఉండేది. దానిలో వాల్వులు సిలిండర్ పక్కన అమరి ఉండేవి. 1959లో దాని స్థానంలో వాల్వులు పైభాగాన ఉండే 1489 సి.సి. ఇంజన్ వచ్చింది. 1990వ దశకంలో ఇసుజు ఇంజన్ కూడా చేరింది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అందువల్ల బండి పేరు ఒకటే గదా అని ఏదో ఒక బ్లాక్ తెస్తే హెడ్డు గాని, గేరు పెట్టె గాని దానికి కుదరకపోవచ్చు.

మూడవది పగుళ్ల పరీక్ష. బ్లాక్‌ను పూర్తిగా విప్పి, రసాయన ద్రావణంలో కడిగిన తరువాతనే దాని నిజస్థితి బయటపడుతుంది. రేడియేటరులో కఠిన జలం వాడితే నీటి మార్గాలలో సున్నం పేరుకొంటుంది. అప్పుడు వేడి బయటికి పోక, హెచ్చిన వేడికి ఇనుము పగిలే ప్రమాదం ఉన్నది. సన్నని పగులు కంటికి కనిపించదు. బ్లాక్‌ను అయస్కాంతీకరించి మెత్తని ఇనుప రజను చల్లితే, పగులు ఉన్నచోట రజను గీతలా పేరుకొంటుంది. నీటి మార్గాలను మూసి, ఒత్తిడితో నీరు పంపితే లోపలి కారుడు తెలుస్తుంది. సిలిండర్ల మధ్య గోడలోనో, బేరింగు స్థానంలోనో పగులు ఉంటే ఆ బ్లాక్ మీద ఆశ వదులుకోవడమే మంచిది.

నాలుగవది అరుగుదల కొలత. సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పైరింగు తిరిగే భాగంలో అరుగుదల ఎక్కువ. ఒకవైపు ఒత్తిడి అధికం కావడం వల్ల గుండ్రనిది క్రమంగా కోలగా మారుతుంది. కనుక ప్రతి సిలిండరునూ పైన, నడుమ, కింద, రెండేసి దిశలలో కొలవాలి. 1489 సి.సి. ఇంజన్‌లో సిలిండరు వ్యాసం సుమారు 73.02 మి.మీ. అరిగిన సిలిండరును తొలిచి పెద్ద పిస్టన్ వేయడాన్ని రీబోరు అంటారు. ఈ పెద్ద పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అధిక పరిమాణాలలో ఉంటాయి. చివరి పరిమాణానికి తొలిస్తే ఇంజన్ పరిమాణం 1489 నుంచి దాదాపు 1530 సి.సి.కి చేరుతుంది. ఆపైన తొలిచేకొద్దీ గోడ పలుచబడి బలహీనమవుతుంది.

మన యువకుని బ్లాక్‌లో పగుళ్లు లేవు. మూడు సిలిండర్లలో గరిష్ఠ వ్యాసం 73.40 మి.మీ. తేలింది. 0.50 మి.మీ. పెద్ద పిస్టన్ వేయాలంటే సిలిండరును 73.52 మి.మీ.కు తొలవాలి. అంత తొలిస్తే అరుగుదల జాడలు తొలగిపోతాయి. నాలుగవ సిలిండరులో మాత్రం తుప్పు లోతైన గుంటలు చేసింది. చివరి పరిమాణానికి తొలిచినా అవి పోవు. అంతమాత్రాన బ్లాక్‌ను పారవేయనక్కర లేదు. ఆ ఒక్క సిలిండరును తొలిచి, అందులో ఇనుప స్లీవును బిగించి, దానినీ మిగిలిన మూడింటి కొలతకే తేవచ్చు. మేస్త్రీ చూపిన తుప్పు నిజమే. కాని అది ఒక్క సిలిండరు వ్యాధి.

ఒకవేళ పరీక్షలో బ్లాక్ తప్పితే అదే రకానికి చెందిన మరొకటి వెదకాలి. పైకి నిగనిగలాడేదాని కంటే తక్కువ తొలిచిన బ్లాక్ మేలు, ఎందుకంటే భవిష్యత్తులో మరొకసారి రీబోరు చేసే అవకాశం దానికి మిగిలి ఉంటుంది. బేరింగు క్యాపులు ఆ బ్లాక్‌వే అయి ఉండాలి. వాటిని బ్లాక్‌కు బిగించి ఉంచే యంత్రంపై తొలుస్తారు కనుక ఒకదాని క్యాపులు మరొకదానికి సరిగా అమరవు. హెడ్డు కూర్చునే తలం వంకర లేకుండా ఉండాలి. నంబరు చెరిపిన బ్లాక్‌ను ఎంత చవకగా వచ్చినా కొనరాదు. మార్చివేసిన పాత బ్లాక్‌ను కూడా అమ్మక, బండితోపాటు భద్రపరచడం వివేకవంతుల లక్షణం.

ఈ విధంగా ఒక ఇనుప దిమ్మ విషయంలోనే ఇంత విచారణ అవసరమవుతున్నది. మేస్త్రీ అనుభవాన్నిగాని, ఇంటివారి అనురాగాన్నిగాని ఆ యువకుడు తోసిపుచ్చలేదు. రెండింటినీ మైక్రోమీటరు ముందుంచి, అది చెప్పినదానిని అంగీకరించాడు. తాతగారి బండి తన సొంత గుండెతోనే మళ్లీ రాయికోడ్ దారి పట్టింది.

అభ్యాసం

1. ఇంజన్ పునర్నిర్మాణంలో బ్లాక్ విషయాన్నే మొదట ఎందుకు తేల్చుకోవాలి?
2. బ్లాక్‌లోని పగుళ్లను కనుగొనే పద్ధతులను వివరించండి.
3. మేస్త్రీ సలహాలోనూ, ఇంట్లోవారి మాటలోనూ ఉన్న న్యాయాన్ని చర్చించి, యువకుని నిర్ణయాన్ని సమర్థించండి.
4. మీ ఇంట్లోని ఒక పాత వస్తువును బాగుచేయాలా, మార్చాలా అనే విషయాన్ని ఏ పరీక్షలతో నిర్ణయిస్తారో పది వాక్యాలలో రాయండి.