గుంటనక్కకు ఉరి యేల?

మన భాషలో నక్క పడినన్ని నిందలు వేరొక జంతువు పడలేదు. పొంచియుండి వంచించువానిని గుంటనక్క యందుము. కపటముతో వంగి నడచువానిది నక్కవినయ మందుము. రెండింటికి పోలిక లేనిచో నక్కకును నాకలోకమునకును గల యంతర మందుము. అనుకోని యదృష్టము పట్టినవానిని మాత్రము నక్కతోక త్రొక్కి వచ్చినా డందుము. మాటలలో ఇంత చోటిచ్చిన మనము పొలము గట్టున దానికి కొంచెము చోటీయలేమా యనునదే యీ వ్యాసమునకు విషయము.

నక్కలని మనము పిలుచువానిలో రెండు జాతులు కలవు. రాత్రివేళ ఊరి వెలుపల గుంపుగా కూయునది నక్క. గుంటనక్క దానికంటె చాల చిన్నది. రెండు మూడు కిలోల బరువు, బూడిదవన్నె మేను, సన్నని కాళ్లు, కుచ్చువంటి తోక, ఆ తోకకు నల్లని కొన, ఇవి దాని గుర్తులు. భారతదేశమునందును, చుట్టుపట్ల నున్న దేశములయందును తప్ప ఇది ప్రపంచమున వేరెచ్చటను లేదు. దట్టమైన యడవి దీనికి గిట్టదు. గడ్డిబీళ్లు, తుప్పలు, మెట్టచేలు, గుట్టల మొదళ్లు దీనికి నివాసములు. నల్లగొండ, పాలమూరు సీమలలో ఇట్టి నేలలకు కొదువ లేదు కదా!

నల్లమలలోని ఆమ్రాబాదు పులుల అభయారణ్యము నాగరుకర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించి యున్నది. పులికిని చిఱుతకును అది యాశ్రయము. గుంటనక్క మాత్రము సాధారణముగా అట్టి హద్దులకు వెలుపల, మన ఆముదపు చేలకును వేరుసెనగ చేలకును నడుమ కాపుర ముండును. కావున దాని ప్రాణము అడవి కావలివాని చేతిలో కంటె రైతు చేతిలోను, రైతు ఇల్లాలి చేతిలోను ఎక్కువగా నున్నది.

మా పొలము నల్లగొండ జిల్లా మెట్టలలో నున్నది. దాని ప్రక్కనున్న బీడులో చెదలపుట్ట నానుకొని నాలుగైదు ద్వారములు గల బొరియ యొకటి కలదు. ఒక యేడు సంక్రాంతి దాటిన కొన్ని వారములకు అందు గుంటనక్కల జంట మూడు పిల్లలను పెట్టినది. ప్రొద్దు క్రుంకువేళ అవి బొరియ ముందర ఆడుకొనుటయు, తల్లిదండ్రు లిద్దరును వంతులవారిగా మేత తెచ్చుటయు మేము గట్టుమీద నిలిచి చూచుచుంటిమి. ఆ దినములలోనే పొరుగు ఆసామి వేరుసెనగ చేనిని అడవిపందులు త్రవ్వి పాడుచేయసాగినవి. ఆయన కంచె సందులలో సైకిలు బ్రేకుతీగలతో ఉరులు పన్నించెను. ఒకనాటి యుదయమున ఉరిలో చిక్కినది పంది గాదు. ఆ పిల్లల తల్లి. తీగ నడుమునకు బిగిసి, అది పెనుగులాడిన కొలది లోనికి కోసికొని పోయినది. మేము పోవునప్పటికే ప్రాణము లేదు. మిగిలిన మగనక్క పగటివేళ సైతము చేలకును బొరియకును తిరుగుట చూచితిమి. ఆ వేసవి చివరకు రెండు పిల్లలే కానవచ్చినవి.

మాకు మిక్కిలి కోపము వచ్చినది. నేరుగా వారింటికి పోయి ఇల్లాలిని నిలదీసితిమి. ఆమె చేటలోని గింజలనుండి తల యెత్తక, “నక్కకు పెట్టలేదక్కా, పందికి పెట్టినం. చేను పోతే మా పిల్లలకు ఎవరు పెడ్తరు?” అని యడిగినది. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. పందుల గుంపొకటి ఒక్క రాత్రిలో అప్పుతెచ్చి పెట్టిన పంటను మన్నుపాలు చేయగలదు. నక్కపిల్లలను దలచి దుఃఖించిన మేము ఆమె పిల్లలను దలచమైతిమి గదా యని సిగ్గుపడితిమి. నాటితో మా ప్రయత్నము త్రోవ మార్చుకొన్నది. పంటను కాచు వేరుదారి చూపనిదే ఉరి తీయుమని చెప్పు నధికారము మాకు లేదని తెలిసికొంటిమి.

ఉరికి గల పెద్ద దోషము, దానికి కండ్లు లేకపోవుట. పందికని పన్నినచో నక్క, కుందేలు, నెమిలి, కావలికుక్క, పొరుగువారి లేగదూడ, ఏది వచ్చినను దానికి ఒక్కటే. తీగకు కరెంటు తగిలించినచో చీకటిలో నీరు కట్టబోయిన మనుష్యుడే బలియగును. ఇట్టి మరణములు మన రాష్ట్రమున పలుమారులు జరిగినవి. హితోపదేశమున లేడి చేనిలోని ఉరిలో చిక్కుకొన, దాని మాంసమునకై కాచుకొన్న నక్కయే తుదకు రైతు విసరిన కఱ్ఱకు చచ్చును. ఉరియున్న చోట ఎవరికిని క్షేమము లేదనుటకు ఆ కథ చాలును.

మరి పందుల మాట యేమి? హైదరాబాదునందలి రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చంపకయే పందులను మరల్చు నుపాయములను పరీక్షించి రైతులకు చెప్పియున్నారు. వేరుసెనగ చేని చుట్టును నాలుగు వరుసలు కుసుమలు ఒత్తుగా వేయవలెను. వాని ముండ్లు దారి నడ్డగించును. వాని వాసన వేరుసెనగ వాసనను కప్పివేయును. మొక్కజొన్నకు ఆముదపు వరుసలు అట్లే కాపుగా నుండును. క్షౌరశాలలలోని వెండ్రుకలను గట్టువెంట అడుగు వెడల్పున చల్లినచో, నేల మూర్కొనుచు వచ్చు పంది ముక్కున అవి చేరి దానిని బాధించి వెనుకకు త్రిప్పును. మరుసటి యేడు మేమును ఆ ఇల్లాలును కలిసి కుసుమ విత్తనములు తెప్పించి రెండు చేలకును ఒకే కట్టుగా వేయించితిమి. పందులు బొత్తిగా రాకపోలేదు, తగ్గినవి. ఉరులు మాత్రము మరల పన్నలేదు.

గుంటనక్క మనకు చేయు మేలు తక్కువది కాదు. ఎలుకలు, చెదలు, మిడుతలు, ఎండ్రకాయలు దాని యాహారము. రేగుపండ్లనిన మిక్కిలి ప్రీతి. వేరుసెనగకు పందికంటె రహస్యముగా నష్టము చేయు ఎలుకను అది జీతము లేకయే వేటాడును. అప్పుడప్పుడు కోడిపిల్లను ఎత్తుకొనిపోవుట నిజమే. ప్రొద్దు క్రుంకకముందే గూటి తలుపు వేసికొన్నచో ఆ చిక్కును తీరును.

చట్టము కూడ ఈ మూగజీవుల పక్షముననే యున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి చంపుట మాత్రమే వేట కాదు. ఉరి పన్నుట, బోను పెట్టుట, విషము పెట్టుట, ఎరవేయుట, ఇందుకు ప్రయత్నించుట, అన్నియు వేటయే. నక్కయు గుంటనక్కయు రక్షింపబడిన జంతువుల పట్టికలో నున్నవి. తన పట్టా పొలములోనైనను వానిని పట్టుటకు ఎవరికిని హక్కు లేదు. పరదేశములును ఇదే దారిని నడచుచున్నవి. కాలిని కొఱుకు ఇనుపబోనులను ఇంగ్లండులో 1958లోనే నిషేధించిరి. తీగ ఉరులను వేల్సు 2023లోను, స్కాట్లండు 2024లోను మాన్పించినవి.

ఇక మన మేమి చేయవలెను? బొరియ కనబడినచో దానిని పూడ్వనీయరాదు. పిల్లలను ముద్దుకైనను ఇంటికి తేరాదు. ఉరి కనబడినచో ముందుగా పొరుగువారితో నెమ్మదిగా మాటలాడవలెను. వినరేని అటవీశాఖ వారికి తెలుపవలెను. కరెంటు తీగను మాత్రము ముట్టరాదు. చిక్కిన నక్కను వట్టిచేతులతో విడిపింపబోరాదు. కఱచినచో గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను పావుగంట కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి పిచ్చికుక్క కాటునకిచ్చు టీకా వేయించుకొనవలెను. ఇంటిముంగిటికి నక్కకొమ్మనుచు తాయెత్తు లమ్మువాడు వచ్చినచో ఒక్క పైసయు నీయరాదు. నక్కకు కొమ్ము లేదు. ఆ మోసమునకై చచ్చు నక్కలు మాత్రము కలవు.

పొరుగువారితో వైరము పెంచుకొని నక్కను కాపాడలేము. వారి పంట కాపాడుటకు తోడుపడినచో నక్కయు బ్రతుకును. ఈ యేడును మా గట్టుప్రక్క బొరియ ముందర క్రొత్తమన్ను పడినది. మొదట చూచి మాకు చెప్పి పంపినది ఆ పొరుగింటి ఇల్లాలే.