వెతికిపెట్టే యంత్రం కథ

బనగానపల్లె పేరు శాస్త్ర పత్రికల్లో రెండు చోట్ల తగులుతుంది. ఒకటి మామిడి పండు. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండోది రాయి. కర్నూలు శిలా సముదాయంలో అన్నిటికన్నా అడుగున ఉండే పొరను భూగర్భ శాస్త్రవేత్తలు బనగానపల్లె క్వార్ట్‌జైట్ అంటారు. దాని మీద వరుసగా నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ ఉంటాయి. ఈ వైపు తిరిగే బస్సుల బోర్డుల మీద కనిపించే పేర్లే దాదాపు అన్నీ.

నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో డిగ్రీ చదివే విద్యార్థి ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి విషయం దొరకదు. కానీ మామూలు ఇంటర్నెట్‌లో ఊరి పేరు కొడితే మామిడిపండ్ల అమ్మకాలు ముంచెత్తుతాయి. కాలేజీ లైబ్రరీ ఇచ్చే ఆన్‌లైన్ వనరుల్లో కొడితే ఒక్కోసారి సున్నా ఫలితాలు. సమాచారం లేక కాదు. సెర్చ్ పెట్టె వెనక ఉన్న యంత్రం తీరు తెలియక.

ఆ యంత్రం కంప్యూటర్ కన్నా ఏడు వందల ఏళ్ళు పెద్దది. 13వ శతాబ్దంలో పారిస్‌లో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ అనే క్రైస్తవ సన్యాసి, తోటి సన్యాసులను కూర్చోబెట్టి బైబిల్‌లోని మాటలకు జాబితా రాయించాడు. ఏ మాట ఏ అధ్యాయంలో వస్తుందో మాట పక్కనే రాశారు. అప్పటిదాకా పుస్తకంలో మాటల కోసం వెతికేవారు. ఆ జాబితాతో మాట నుంచి పుస్తకంలోకి వెళ్ళే దారి పడింది. ఈనాటి దాదాపు ప్రతి సెర్చ్ యంత్రానికీ గుండెకాయ అలాంటి జాబితాయే.

అదెలా పనిచేస్తుందో చూద్దాం. మన దగ్గర మూడు వ్యాసాలున్నాయనుకోండి. మొదటిది బనగానపల్లె మామిడి నిల్వ గురించి, రెండోది బనగానపల్లె క్వార్ట్‌జైట్ గురించి, మూడోది కోయిలకుంట్ల సున్నపురాయి గురించి. యంత్రం వీటిని ముందే చదివి ఇలా రాసిపెట్టుకుంటుంది: బనగానపల్లె 1, 2. మామిడి 1. క్వార్ట్‌జైట్ 2. కోయిలకుంట్ల 3. మీరు 'బనగానపల్లె క్వార్ట్‌జైట్' అని అడగ్గానే అది వ్యాసాల జోలికి పోదు. రెండు వరుసలు తీసి, రెండిట్లోనూ ఉన్న అంకె ఏదో చూస్తుంది. రెండు. అంతే. కోట్ల వ్యాసాలున్నా రెప్పపాటులో జవాబు రావడంలోని రహస్యం ఇదే.

రెండు వరుసల్లోనూ ఉన్నదాన్ని ఏరడం, ఏదో ఒకదానిలో ఉన్నా తీసుకోవడం, ఒకదానిలో ఉంటే వద్దనుకోవడం అనే ఈ మూడు పనులకూ లెక్క కట్టినవాడు జార్జ్ బూల్. ఆయన పుస్తకం 1854లో వచ్చింది. సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషు పెద్దక్షరాలతో కొట్టే అండ్, ఆర్, నాట్ ఆయన చలవే.

మధ్యలో కార్డుల కాలం నడిచింది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటించారు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది వాటిలో నాలుగోది. కానీ చెక్క సొరుగులోని కార్డుకు రచయిత, పేరు, విషయం అనే మూడు దారులే ఉండేవి. 1960లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ ఆ కార్డును కంప్యూటర్ చదవగలిగేలా మార్చారు. 1972లో బ్రిటన్‌కు చెందిన కారెన్ స్పార్క్ జోన్స్ ఇంకో అడుగు వేశారు. అన్ని వ్యాసాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువ, అరుదుగా వచ్చే మాటకు విలువ ఎక్కువ అని తేల్చారు. 'ఇండియా' అని చేరిస్తే ఫలితం పెద్దగా మారదు. 'ఔకు' అని చేరిస్తే మారిపోతుంది.

ఈ యంత్రం మన కాలేజీల దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ను యూజీసీ 1991లో మొదలుపెట్టింది. 2010లో ఎన్-లిస్ట్ పథకం వచ్చాక మారుమూల డిగ్రీ కాలేజీ విద్యార్థికి కూడా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో విదేశీ పత్రికలు చదివే వీలు కలిగింది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగకు పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీని 2018లో జాతికి అంకితం చేశారు. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్ళకు కేటాయింపు 6,000 కోట్ల రూపాయలు.

ఇంత ఖర్చు పెట్టిన యంత్రానికీ ఒక గుణం మారలేదు. అది అక్షరాలను చూస్తుంది, మన మనసును చూడదు. కొత్త యంత్రాలు కొంత ఊహిస్తాయి గానీ, లైబ్రరీ డేటాబేసులు చాలావరకు రాసినదాన్ని రాసినట్టే పోల్చుకుంటాయి. అందుకే వెతికే ముందు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ సంగతిని రాసినవాడు ఏ మాటతో రాసి ఉంటాడు?

బనగానపల్లె పేరే తీసుకోండి. ఇంగ్లీషులో దీన్ని బంగనపల్లె, బంగనపల్లి, బనగానపల్లె అని రకరకాల స్పెల్లింగులతో రాశారు. 19వ శతాబ్దపు దొరల రాతల్లో చివర 'పల్లె' కాస్తా 'పిల్లి' అయింది. మామిడికైతే బేనిషాన్ అనే పేరు వేరే. రాయి గురించి వెతికేటప్పుడు ఊరి పేరుకున్న స్పెల్లింగులన్నిటినీ ఆర్‌తో కలిపి బ్రాకెట్లో పెట్టాలి. ఆ తర్వాత అండ్ కొట్టి 'క్వార్ట్‌జైట్' చేర్చాలి. మామిడి అంతా ఒక్క దెబ్బతో పక్కకు పోతుంది.

ఔకు సంగతి ఇంకా తమాషా. పాత భూగర్భ నివేదికల్లో ఈ పేరు 'ఆక్' అన్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో అదే స్పెల్లింగుతో ఒక సముద్రపక్షి ఉంది. ఆ పక్షి పేరుతో అమెరికాలో పక్షిశాస్త్ర పత్రికే వెలువడింది. ఒంటరిగా ఆ మాట కొడితే పక్షులు వచ్చి వాలతాయి. 'ఆక్ షేల్' అని రెండు మాటలనూ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. అప్పుడు యంత్రం ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉన్నవే తెస్తుంది.

జిల్లా పేరుతోనూ జాగ్రత్త. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది. ఈ ఊరు ఇప్పుడున్న నంద్యాల జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. 'నంద్యాల జిల్లా' అని వెతికితే అంతకు ముందు రాసినవి దాదాపు ఏవీ రావు. ఈ రాళ్ళ మీద విలియం కింగ్ 1872లో వెలువరించిన పెద్ద నివేదిక పేరులో కడప, కర్నూలు, మద్రాసు ప్రెసిడెన్సీ మాత్రమే ఉన్నాయి.

తెలుగులో వెతికేవారికి చిక్కులు వేరు. మన విభక్తులు మాటకు అతుక్కుపోతాయి. 'బనగానపల్లెలో', 'బనగానపల్లెకు' అన్నవి యంత్రానికి వేర్వేరు మాటలు. మూలం వరకే కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడితే చాలా డేటాబేసులు మిగతా రూపాలన్నీ తెస్తాయి. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌లు కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం పిచ్చిగీతలు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కానీ వాటి పేర్లు చాలావరకు ఇంగ్లీషు లిపిలో, తప్పులతో నమోదయ్యాయి. ఒక స్పెల్లింగుతో దొరకకపోతే రెండోది, మూడోది ప్రయత్నించాల్సిందే.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. కాలేజీ లైబ్రరీ కేటలాగు, అంటే ఓపాక్, పుస్తకం లోపలి మాటలను చదవదు. పేరు, రచయిత, విషయం మాత్రమే దానికి తెలుసు. అక్కడ 'ఔకు' అని కొట్టి లాభం లేదు. 'భారత భూగర్భ శాస్త్రం' అని పెద్ద మాట కొట్టాలి. వ్యాసాల డేటాబేసులోకి వెళ్ళాక చిన్న మాట కొట్టాలి. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికితే దాని చివర ఉన్న ఆధారాల జాబితా పట్టుకోండి. అందులో ఉన్న పేర్లు వెతికితే మిగతా వ్యాసాలు వాటంతట అవే బయటపడతాయి.

చాలామంది విద్యార్థులు లైబ్రరీ యూజర్ ఐడీ అడగకుండానే డిగ్రీ పూర్తి చేస్తున్నారు. ఈ వారమే లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి అడిగి తీసుకోండి. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు మీ విషయానికి ఉన్న పేర్లన్నీ, పాతవీ కొత్తవీ, తెలుగువీ ఇంగ్లీషువీ, ఒక కాగితం మీద రాసుకోండి. యంత్రం ఎంత వేగంగా వెతికినా, ఆ జాబితా రాయాల్సింది మాత్రం మీరే.