మీట నొక్కితే పలికేదెవరు?

శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డున భావనపాడు అనే ఊరున్నది. అక్కడ ఎందరికో చేపలవేటే జీవనం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఆ జిల్లాలోనే పలాస దగ్గర తీరం దాటింది.

తుఫాను వస్తున్నదంటే రేవుల్లో ప్రమాద సూచికలు ఎగురవేస్తారు. వాటికి 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. "మూడో నంబరు ఎగరేశారు" అంటే చాలు, తక్కిన సంగతంతా విన్నవారికి అర్థమవుతుంది. పేరు పెట్టడంలో ఉన్న లాభం అదే!

కంప్యూటరుకు పని నేర్పేటప్పుడు కూడా ఈ లాభం ఉన్నది. తెరమీద మీరొక మీట గీశారనుకోండి. దాన్ని నొక్కితే తుఫాను గంట మోగాలి. గంట మోగించే ఆజ్ఞల మూటను ఫంక్షను అంటారు. దాన్ని మీటకు రెండు విధాలుగా అప్పగించవచ్చు.

మొదటిది: ఫంక్షనుకు 'గంటమోగించు' అని పేరుపెట్టి, ఆ పేరు మాత్రం మీటకు చెప్పడం. 1995లో బ్రెండన్ ఐక్ తయారుచేసిన జావాస్క్రిప్టు భాషలో ఇలాంటి తెలుగు పేర్లు కూడా చెల్లుతాయి. రెండవది: పేరే లేకుండా, ఆజ్ఞలన్నీ అక్కడికక్కడే మీటకు రాసివ్వడం. పైథాన్ భాషలో ఇటువంటి చిన్న ఫంక్షనును 'లాంబ్డా' అంటారు.

తుఫాను వెళ్ళిపోయింది. ఇక మీట నొక్కినా గంట మోగకూడదు. "ఏ ఫంక్షనును తీసెయ్యాలి?" అని జావాస్క్రిప్టు అడుగుతుంది. పేరుంటే చెప్పగలరు. పేరు లేకపోతే? అవే ఆజ్ఞలు మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా రాసినా లాభం లేదు. కంప్యూటరు దాన్ని కొత్త ఫంక్షనుగానే చూస్తుంది. కవలపిల్లలు ఎంత ఒక్క పోలికగా ఉన్నా ఇద్దరే గదా! పాత గంట మోగుతూనే ఉంటుంది.

పేరున్న ఫంక్షనును పది మీటలకైనా అప్పగించవచ్చు. అందులో తప్పు జరిగితే కంప్యూటరు ఆ పేరు చెప్పి చూపిస్తుంది.

అయితే ఒక్క జాగ్రత్త! అప్పగించేటప్పుడు పేరు పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే "తరవాత చెయ్యి" అని కాక, "ఇప్పుడే చెయ్యి" అని అర్థం. మీట నొక్కకముందే గంట మోగిపోతుంది. తీరా నొక్కినప్పుడు ఏమీ జరగదు.

మరి పేరులేనివి పనికిరావా? ఎందుకు రావు! ఒక్కచోటే, ఒకటి రెండు పంక్తుల్లో తీరిపోయే పనికి అవే సులువు. ఆ పని పెరిగినా, మరొకచోట కావలసివచ్చినా, ఎప్పుడైనా ఆపవలసివచ్చినా దానికొక పేరు పెట్టండి.