మందు లేని రోజుల్లో కట్టిన ఆసుపత్రి

నిమ్మనపల్లెలో నాలుగు డబ్బులు చేరినవాళ్లు ఊరికి ఏదైనా చేయాలనుకుంటే ముందు గుర్తొచ్చేవి గుడి, అన్నదానం, బడికి ఒక గది. మూడూ మంచి పనులే. కానీ ఫలితం ఇంతని ముందే చెప్పలేని పనికి కూడా చెయ్యి అందించేవాళ్లు కావాలి. అలాంటి దానం ఏం చేయగలదో మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం చూపిస్తుంది.

1915లో అక్కడ క్షయ శానిటోరియం వెలిసింది. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి డబ్బు వేసుకున్నాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంటే తొలి 28 ఏళ్లు అక్కడి వైద్యానికి ప్రధాన ఆధారం మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. రోగి నెలల తరబడి మంచం మీదే ఉండాలి. ఎందరిని బతికిస్తారో రాసిస్తేనే ఇస్తామని ఆ దాతలు పట్టుబట్టి ఉంటే పునాది కూడా పడేది కాదు. 1948లో మన దేశంలో క్షయను అడ్డుకునే బీసీజీ టీకాలు మొదలైన చోటు మదనపల్లె. క్షయ రోగుల మధ్యే దశాబ్దాలు గడిపిన డాక్టర్లు అప్పటికే అక్కడ ఉన్నారు మరి.

ఇలాంటిదే కుప్పం దగ్గర ఇంకో కథ, అది మన కాలానిది. రిషివ్యాలీ బడిలో చదువుకున్న రాంజీ రాఘవన్ బ్యాంకు ఉద్యోగం వదిలి 1999లో అగస్త్య ఫౌండేషన్ పెట్టారు. గుడుపల్లె వైపు 172 ఎకరాల బీడులో సైన్స్ కేంద్రం లేచింది. ప్రయోగాల సామాను వ్యాన్లలో సర్కారు బడులకు వెళ్తుంది. భూతద్దాన్ని ఎండకు పట్టి, కాగితం మీద చుక్క పెట్టి, పొగ వచ్చేదాకా ఊపిరి బిగపట్టి చూసే పిల్ల తర్వాత "ఎందుకు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న విలువ ఏ వార్షిక నివేదికలోనూ పట్టదు. షేర్ మార్కెట్లో సంపాదించిన రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా దీనికి భారీగా ఇచ్చారు. తొందరపడి లాభం లెక్కగట్టే పని కాదిది.

నా ఉద్దేశంలో ధైర్యమైన దానానికి రెండే గుర్తులు: ఇచ్చేవాళ్లు ఏళ్ల తరబడి నిలబడాలి, చేసేవాళ్లకు తప్పు చేసి దిద్దుకునే వీలుండాలి. గోడలకు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, జీతాలకు ఇచ్చేవాళ్లే తక్కువ.

బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడిన మా వైపు వాళ్లకు ఒక్క మాట. ఈసారి ఊరికి వచ్చినప్పుడు బడికి వెళ్లండి. అక్కడ ఏదైనా కొత్తగా ప్రయత్నిస్తున్న టీచరు కనిపిస్తే, మూడేళ్లపాటు ఆ పనికయ్యే ఖర్చు మీరు పెట్టుకోండి.