నేసే చేతికి సొంత చిరునామా

సరుకు మనది, పనితనం మనది. ఫోన్ తెరిస్తే కనిపించే పేరు మాత్రం ఇంకెవరిదో! చిన్న వ్యాపారి సొంత వెబ్‌సైట్ పెట్టుకోవడం ఒక ఎత్తు, దాన్ని వెతుక్కుంటూ జనం రావడం మరో ఎత్తు. పోచంపల్లి చీరను ముందు పెట్టుకుని ఆ రెండో సంగతి తేల్చుకుందాం.

కూతురి పెళ్లికి పోచంపల్లి పట్టుచీర కొనాలనుకున్న తల్లి డాలస్‌లో ఉన్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా ముందు చేసే పని ఒకటే. ఫోన్ తీసి ‘అసలైన పోచంపల్లి చీరను గుర్తుపట్టడం ఎలా?’ అని అడుగుతుంది. భూదాన్ పోచంపల్లిలో ఏ నేతన్న ఇంటి తలుపు తట్టినా ఈ ప్రశ్నకు నిలబడ్డ చోటే జవాబు దొరుకుతుంది. ఇక్కత్‌లో రంగు వేసేది గుడ్డకు కాదు, నూలుకు. నూలును అక్కడక్కడ బిగించి చిట్కి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకే చీర తిరగేసినా డిజైన్ అంతే నిండుగా ఉంటుంది. పూవుల అంచులు గీత గీసినట్టు కాకుండా కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు వేసిన చీరకు సాధారణంగా వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది.

ఇంత తెలిసినవాళ్లు ఆ తల్లికి ఫోన్‌లో తారసపడరు. ముందు వరుసలో పెద్ద పెద్ద అమ్మకపు సంస్థలుంటాయి. ఆ వెనక, మగ్గం ముందు ఎన్నడూ కూర్చోనివాళ్లు ఒకరిని చూసి ఒకరు రాసుకున్న వ్యాసాలుంటాయి. తెలిసినవాళ్లు రాయకపోతే తెలియనివాళ్ల మాటే చెల్లుతుంది. వెబ్‌సైట్‌కు జనాన్ని రప్పించడానికి చిట్కాలు సవాలక్ష ఉండొచ్చు. వాటన్నిటికీ మూలం ఒక్కటే: కొనేవారి ప్రశ్నకు, పని తెలిసినవారు, తమ సొంత చోట జవాబు చెప్పడం.

అద్దె ఇంట్లో ఎన్నాళ్లు?

‘వాట్సాప్ గ్రూపుంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది, ఇక వెబ్‌సైట్ ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. 2020 జూన్ చివర్లో కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడ లక్షల మంది అభిమానులను కూడగట్టుకున్నవారికి ఒక్క రాత్రిలో ఎవరూ మిగల్లేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. ఒకప్పుడు కుర్రకారంతా కాపురం పెట్టిన ఆర్కుట్ 2014లో మూతపడింది. అవన్నీ అద్దె ఇళ్లు. యజమాని ఖాళీ చేయమంటే చేయాల్సిందే. అలాగని వాటిని వదులుకోనక్కర్లేదు. జనం అక్కడున్నారు కాబట్టి అక్కడ పలకరించాలి. కానీ పూర్తి వివరాలు, ధరలు, చీరల చరిత్ర మాత్రం సొంతింట్లో ఉండాలి. అద్దె ఇంట్లో పెట్టే ప్రతి ఫొటో కింద సొంతింటికి దారి చూపాలి.

సొంతిల్లంటే భయపడేంత ఖర్చేమీ లేదు. ‘డాట్ ఇన్’ చిరునామా ఏడాదికి సాధారణంగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దానిమీదే నడుస్తున్నాయి. అది ఉండే సర్వర్‌కు మాత్రం అద్దె కట్టాలి. అదీ వద్దనుకుంటే గూగుల్ వారి బ్లాగర్‌లో పైసా ఖర్చు లేకుండా రాయడం మొదలుపెట్టి, తర్వాత దానికి సొంత చిరునామా తగిలించుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. పేరు చిన్నదిగా, ఫోన్‌లో ఒకసారి చెబితే అవతలివారు తప్పులేకుండా రాసుకునేలా ఉండాలి. ఇక ఆ చిరునామా మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో నమోదు కావాలి. సైటు తయారుచేసిన కుర్రాడి పేరు మీద ఉంటే, రేపు అతను ఫోన్ ఎత్తకపోతే మీ దుకాణం తాళంచెవి అతని దగ్గరే ఉండిపోతుంది.

అడిగిన ప్రశ్నలే పేజీలు

చాలా వ్యాపార సైట్లు తెరవగానే కనిపించేవి మూడే మాటలు: నాణ్యత, నమ్మకం, సరసమైన ధర. ఈ మాటలు టైపు చేసి చీర వెతికేవారు ఎవరూ ఉండరు. జనం అడిగేవి వేరు. రంగు పోతుందా? ఇంట్లో ఉతకొచ్చా? పట్టు ఎంత, నూలు ఎంత? బ్లౌజు ముక్క కలిసి ఉంటుందా? ఒకేలా కనిపిస్తున్న రెండు చీరల ధరల్లో అంత తేడా ఎందుకు? ఈ ప్రశ్నలు రోజూ మీ ఫోన్‌కు వస్తూనే ఉంటాయి. ఒక నెలపాటు వాటిని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. మీ వెబ్‌సైట్‌లో ఏ పేజీలుండాలో అదే చెబుతుంది. ఒక ప్రశ్నకు ఒక పేజీ, పేజీకి ఆ ప్రశ్నే శీర్షిక.

ధరల తేడానే తీసుకోండి. చిట్కి పేకకు మాత్రమే కడితే ఒక రకం, పడుగుకు మాత్రమే కడితే ఇంకో రకం. రెండింటికీ కట్టి నేసేది డబుల్ ఇక్కత్. అందులో పడుగు మీది రంగు, పేక మీది రంగు ఒకే చోట కలవాలి. ఏ కాస్త పక్కకు జరిగినా డిజైన్ చెదురుతుంది. ఈ నాలుగు ముక్కలు రాసి, రెండు ఫొటోలు పెడితే బేరమాడేవారు కూడా ఆగి ఆలోచిస్తారు.

పని వెనక కథకూ అంతే బలం ఉంది. నేతకు ముందు నూలును సిద్ధం చేసే ఆసు పోసేటప్పుడు ఒక్క చీరకే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చాక, మగ్గంతో ఏ సంబంధమూ లేని ఇళ్లలోనూ ఆసు గురించి మాట్లాడుకున్నారు. పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలని జనానికి ఉంది. చెప్పేవారే కావాలి. మీ ఇంట్లో ఆసు పోసేదెవరు, అద్దకం వేసేదెవరు, ఒక చీర దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో రాయండి. ఆ పేజీని ఏ పెద్ద కంపెనీ కూడా మీకంటే బాగా రాయలేదు.

తెలుగు అక్షరం గూగుల్‌కు కనపడాలంటే

గూగుల్ యంత్రాలు లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళుతూ, చదివినదంతా జాబితాలో చేర్చుకుంటాయి. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు ఆ జాబితాలోంచే తీసి చూపిస్తాయి. అంటే చదవగలిగేలా రాయడం మన పని. తెలుగు వ్యాపారులు ఎక్కువగా దెబ్బతింటున్నది ఇక్కడే. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రాన్ని బొమ్మగా మార్చి సైటులో పెట్టేస్తారు. మన కంటికి అది చక్కటి తెలుగు. యంత్రానికి ముందుగా అదొక ఫొటో, అందులోని అక్షరాలు దానికి సరిగ్గా అందుతాయన్న భరోసా లేదు. బొమ్మగా కాకుండా ఆ అక్షరాలనే తెచ్చి అతికిస్తే, ఆ ఫాంటు లేని ఫోన్లో గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లో రాస్తే ఏ చిక్కూ లేదు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

మనవాళ్లు తెలుగు లిపిలో వెతుకుతారు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టి వెతుకుతారు, ఫోన్‌కు నోటితోనూ చెబుతారు. పుణెలోనో, పారిస్‌లోనో ఉన్నవారు ఇంగ్లిష్‌లో వెతుకుతారు. కాబట్టి తెలుగుకు ఒక పేజీ, ఇంగ్లిష్‌కు ఒక పేజీ విడివిడిగా ఉండాలి. ఫొటో కింద ‘చీర 12’ అని కాకుండా ‘ఎరుపు, నలుపు డబుల్ ఇక్కత్ పట్టుచీర’ అని రాయాలి.

గూగుల్ ఇప్పుడు ముందుగా చూసేది ఫోన్‌లో కనిపించే పేజీనే. కెమెరా నుంచి వచ్చిన ఫొటోలను అలాగే పెడితే ఒక్కోటి కొన్ని మెగాబైట్లుంటుంది. పల్లెటూరి సిగ్నల్‌లో అది తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. సైజు తగ్గించి పెట్టండి. చిరునామా ముందు ‘https’ తెప్పించే భద్రతా సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి ఉచితంగానే వస్తుంది. గూగుల్ మ్యాపులో దుకాణాన్ని నమోదు చేసుకోవడానికీ ఖర్చు లేదు. జనం ఏ మాటలతో వెతికితే మీ పేజీ కనిపించిందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా ఉచితమే. వారానికోసారి దాన్ని చూస్తే తర్వాత ఏ పేజీ రాయాలో తెలిసిపోతుంది.

నమ్మితేనే కొంటారు

వచ్చినవారు కొనకుండా వెళ్లిపోతే వచ్చి ఏం లాభం? డబ్బు కట్టించుకుని సరుకు పంపనివాళ్ల కథలు అందరూ విన్నారు. అందుకే 2020లో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనలను భారంగా చూడొద్దు. వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఫిర్యాదు తీసుకునే వ్యక్తి వివరాలు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమ్మేవారే కొన్నవారిలా నటిస్తూ మెచ్చుకోళ్లు రాసుకోవడం నిషిద్ధం. నిజాయతీగా అమ్మేవారికి ఇవన్నీ అండగా నిలిచేవే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాయండి. మీ చీరకు చేనేత గుర్తు, పట్టు గుర్తు ఉంటే అవి ఏమిటో, ఎక్కడుంటాయో ఫొటోతో చూపించండి. పచ్చళ్లు, పూతరేకులు అమ్మేవారైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కనిపించేచోట ఉంచాలి.

ఓపిక పట్టాల్సిన కాలం

‘మీ సైటును గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతాం, గ్యారంటీ’ అని ఫోన్లు వస్తాయి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ సంస్థే చెబుతోంది. చేసిన పనికి ఫలితం కనిపించడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందనీ చెబుతోంది. వారానికి ఒక్క పేజీ రాసినా ఏడాదికి 52 పేజీలు. 52 ప్రశ్నలకు జవాబులున్న చోటికి జనం రాకుండా ఉండరు. వేలల్లో రానక్కర్లేదు. చీర కొనాలనే వెతికేవారు రోజుకు పదిమంది వచ్చినా, ఏమీ కొనని పదివేల మంది లైకులకంటే అదే విలువైనది.

నేతన్నల పిల్లలు చాలామంది చదువుకుని, ఉద్యోగాలకు నగరాలు చేరారు. కీబోర్డు వాళ్లకు తెలుసు, పని వాళ్ల అమ్మానాన్నలకు తెలుసు. ఈ ఇద్దరూ కలిసి కూర్చుని రాస్తే చాలు, వేరే నిపుణులు అక్కర్లేదు. మధ్యవర్తి చెప్పిన రేటుకు తల వంచడం తప్ప దారి లేదనుకున్న ఇంటికి, కొనేవారు పేరు పెట్టి పిలుస్తూ నేరుగా ఫోన్ చేస్తే వచ్చే తేడా ఒక్క డబ్బులోనే ఉండదు. ఈ పని మీద బతకొచ్చన్న ధైర్యం తర్వాతి తరానికి వస్తుంది. మన చేతిపనులు నిలవాలని నిజంగా కోరుకునేవాళ్లం, మనకు తెలిసిన ఒక్క నేతన్న కుటుంబానికైనా ఆ మొదటి పేజీ రాయడంలో సాయపడదాం.