శుక్రవారం రాత్రి సూదిమందు

వారమంతా ఉద్యోగం చేసి శుక్రవారం సాయంకాలం ఇల్లు చేరిన మనిషి, రాత్రి భోజనం ముగించి, ఒక పారాసిటమాల్ మాత్ర మ్రింగి, ఫ్రిజ్‌లోనుంచి చిన్న సూదిమందు బయటకు తీసేవాడు. దాని చల్లదనం తగ్గేదాకా అరచేతిలో పట్టుకొని, పొట్టమీది చర్మాన్ని రెండు వ్రేళ్ళతో పైకెత్తి, తనకు తానే పొడుచుకొని, దుప్పటి కప్పుకొని పడుకొనేవాడు. నడిరేయికి చలి, వణుకు. దాని వెనుక జ్వరం. ఒళ్ళంతా కొట్టినట్లు నొప్పులు. శనివారం మంచం దిగడం కష్టం. ఆదివారానికి కొంత తేరుకొని, సోమవారం ఉదయం చొక్కా తొడుక్కొని మళ్ళీ పనికి పోయేవాడు. దారిలో చూచిన వారికి అతడు రోగి అని తోచేది కాదు. ఇట్లు ఒక వారం కాదు, ఒక నెల కాదు, 48 వారాలు.

ఆ మందు పేరు పెగ్ ఇంటర్‌ఫెరాన్. దానికి తోడు రైబవైరిన్ అనే మాత్రలు ప్రతిదినం రెండు పూటలా. 2001 మొదలు ఇంచుమించు పన్నెండేళ్ళపాటు హెపటైటిస్ సి అనే కాలేయవ్యాధికి లోకంలో ఉన్న ప్రధాన చికిత్స ఇదే. వారానికొక సూది అన్నదే శాస్త్రం. అది ఏ వారమన్న నియమం లేదు. జ్వరం నిద్రలో గడచిపోవలెననీ, నీరసం సెలవు దినాలలో పడవలెననీ వైద్యులూ రోగులూ కలిసి అనుభవంమీద కుదుర్చుకొన్న ముహూర్తం శుక్రవారం రాత్రి. పంచాంగం చూచి పెట్టే ముహూర్తాలలో కొన్నింటికన్న ఇదే మనుష్యులకు ఎక్కువ ఉపకరించినదేమో!

ఈ వ్యాధి చరిత్ర విచిత్రమైనది. 1970 తరువాతి సంవత్సరాలలో, రక్తం ఎక్కించుకొన్నవారిలో కొందరికి కాలేయపు వాపు రావడం వైద్యులు గమనించారు. అప్పటికి తెలిసినవి ఏ, బి అనే రెండు రకాలు. ఇది రెండూ కాదు. కారణం చిక్కక ‘ఏ కాదు, బి కాదు’ అన్న పేరుతోనే చాలాకాలం గడిపారు. పేరు పెట్టలేని స్థితినే పేరుగా పెట్టిన వ్యాధులు ఎక్కువ ఉండవు. 1989లో అమెరికాలో మైకేల్ హౌటన్, ఆయన సహచరులు ఆ వైరస్‌ను గుర్తుపట్టగా దానికి ‘సి’ అన్న అక్షరం దక్కినది. ఈ అన్వేషణలో భాగస్వాములైన హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమానం లభించినది.

పరీక్షించని రక్తం వలన, ఒకరికి పొడిచిన సూదిని మరొకరికి వాడడం వలన ఒంట్లో ప్రవేశించే ఈ వైరస్ ఇరవై ముప్ఫై సంవత్సరాలు చప్పుడు చేయకుండా ఉండగలదు. కామెర్లు రావడం అరుదు. తెలుగునాట కాలేయం మాట వస్తే ముందు కన్నులు పచ్చబడినవా అని చూస్తారు. పచ్చబడితే పసరుమందు పోసే ఊరు ఎక్కడున్నదని విచారిస్తారు. కన్నులు తెల్లగానే ఉండి, ఆకలి సరిగానే ఉండి, లోపల కాలేయం గట్టిపడిపోతున్నదంటే నమ్మేవారెవరు? రక్తదానానికి పోయినప్పుడో, వేరొక శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు చేయించుకొన్నప్పుడో సంగతి బయటపడుతుంది. కనుకనే చికిత్స ఆరంభమయ్యేనాటికి చాలామంది రోగులకు చెప్పుకోదగిన బాధ ఏదీ ఉండేది కాదు. బాధ మందుతోనే మొదలయ్యేది. బాగున్న మనిషి, ముందుముందు కూడా బాగుండడంకోసం, ఏడాదిపాటు జబ్బుమనిషి కావలసి వచ్చేది. ఇంతా చేసి కుదురుతుందన్న హామీ ఉన్నదా? అమెరికాలో ఎక్కువగా కనిపించే ఒకటవ జన్యురకం వైరస్ పట్టినవారిలో సుమారు సగం మందికి కుదిరేది కాదు. భారతదేశంలో ఎక్కువగా కనిపించే మూడవ రకం కొంత మెత్తనిది. దానికి 24 వారాల చికిత్స సరిపోయేది.

ఇంటర్‌ఫెరాన్ శరీరానికి పరాయి వస్తువు కాదు. 1957లో లండన్ నగరంలో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నారు. వైరస్ సోకిన కణం ఇరుగుపొరుగు కణాలకు ‘దొంగలు పడ్డారు, తలుపులు వేసుకోండి’ అని పంపే కబురు వంటి పదార్థం ఇది. ఫ్లూ వచ్చినప్పుడు మనిషిని మంచాన పడవేసే చలి, ఒళ్ళునొప్పులు చాలావరకు ఫ్లూ వైరస్ స్వయంగా చేసే పని కాదు. ఇటువంటి కబుర్లు ఒంట్లో రేపే సందడి. ఆ పదార్థాన్నే బయటినుంచి సూదితో ఎక్కిస్తే ఫ్లూ లేకుండానే ఫ్లూ వస్తుంది. వైరస్ పేరైనా తెలియని 1986లోనే అమెరికాలో జే హూఫ్‌నేగల్ బృందం పదిమంది రోగులకు దీనిని ఇచ్చి, కొందరిలో కాలేయం నెమ్మదించడం చూచినది. 1991లో అక్కడి ప్రభుత్వం అనుమతించినప్పుడు వారానికి మూడు సూదులు. 1998లో రైబవైరిన్ తోడైనది. 2001లో వచ్చిన పెగ్ రకం ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది గనుక మూడు సూదులు ఒకటైనవి.

జ్వరం విషయంలో రోగులు త్వరగానే నేర్పరులయ్యేవారు. మొదటి నాలుగైదు సూదులు దాటితే దాని ఉద్ధృతి సాధారణంగా తగ్గేది. సూదికి ముందు మాత్ర, పగలంతా మంచినీళ్ళు, ఒకేసారి కడుపునిండా కాక కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినడం, ఓపిక ఉన్న రోజున కాస్త నడక — ఇవే ఉపాయాలు. తలవెంట్రుకలు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేవి. చికిత్స ముగిసిన తరువాత తిరిగి మొలుస్తాయని ముందుగా తెలిసినవారు కొంత ధైర్యంగా ఉండేవారు; తెలియనివారు అద్దం చూచుకోవడం మానేవారు.

రైబవైరిన్ చేసే అపకారం వేరు. అది ఎర్రరక్తకణాలలోకి ప్రవేశించి అక్కడ పోగుపడుతుంది. కేంద్రకం ఉన్న కణాలు దానిని మార్చి బయటకు పంపగలవు. ఎర్రకణానికి ఆ సాధనం లేదు. ఎర్రకణానికి కేంద్రకం లేదని తరగతిలో చదివే విద్యార్థి, దాని మూలంగా ఒక మనిషి మేడమెట్లు ఎక్కలేక మధ్యలో నిలబడిపోవలసి వస్తుందని ఊహించలేడు. 120 రోజులు బ్రతకవలసిన కణం ముందే పగిలిపోతుంది. మొదటి నాలుగు వారాలలోనే హీమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు పడిపోవడం సాధారణం. పది గ్రాములకు దిగితే మాత్రలు తగ్గించేవారు. ఎనిమిదిన్నరకు దిగితే ఆపేవారు. ఈ మందు గర్భస్థ శిశువుకు ప్రమాదకరం. అందుచేత రోగి స్త్రీ అయినా పురుషుడైనా, చికిత్స సాగినంతకాలమూ, ముగిసిన తరువాత కొన్ని నెలలూ ఆ దంపతులు సంతానం వద్దనుకోవలసినదే. కొత్తగా పెండ్లయిన వారికి ఈ నిబంధన ఎంత కష్టమో, ఇంటిలోని పెద్దలకు దానిని చెప్పుకోవడం అంతకన్న కష్టం.

ఒంటికి వచ్చిన బాధ నలుగురికీ కనిపిస్తుంది. మనస్సుకు వచ్చినది కనిపించదు. ఇంటర్‌ఫెరాన్ తీసుకొన్నవారిలో నలుగురైదుగురిలో ఒకరికైనా గాఢమైన విషాదం ఆవరించేది. నిద్ర పట్టేది కాదు. చదివినది తలకెక్కేది కాదు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి పిల్లవాడు చెంచా క్రింద పడవేస్తే కేకలు వేసేవాడు. తరువాత తానే కుమిలిపోయేవాడు. కొందరికి బ్రతుకు వద్దనే తలపు కూడా వచ్చేది. ఇది మనిషి గుణమా, మందు గుణమా? ఈ ప్రశ్న చిన్నది కాదు. గుణమే అనుకొన్న ఇంటిలో సంసారం చెడిపోయేది. మందే అని తెలిసిన ఇంటిలో, ఈ మాటలు అన్నది ఇతడు కాదు, సూది అని భార్య ఓర్చుకొనేది. వైద్యునికి కబురు వెళ్ళేది.

ఇది మందు పనే అనడానికి 2001లో వెలువడిన ఒక పరిశీలన గట్టి ఆధారం. అందులోని వారు హెపటైటిస్ రోగులు కారు. ఒక రకం చర్మపు కేన్సరుకు పెద్ద మోతాదులో ఇంటర్‌ఫెరాన్ తీసుకొన్న 40 మంది. వారిలో కొందరికి సూదులు మొదలుపెట్టడానికి రెండు వారాల ముందునుంచే విషాదాన్ని అడ్డుకొనే మాత్ర ఇచ్చారు; మిగిలినవారికి మందులేని ఉత్త మాత్ర. ఉత్త మాత్ర తీసుకొన్నవారిలో 45 శాతం మందికి తీవ్రమైన విషాదం వచ్చినది. మందు తీసుకొన్నవారిలో 11 శాతానికే. మనోనిబ్బరం లేక క్రుంగిపోయినారని ఎవరినైనా నిందించడానికి ఆ తరువాత తావు లేదు. ఆనాటినుంచి మంచి వైద్యులు సూదికి ముందే రోగి మనఃస్థితిని విచారించడం, ఇంటివారిని కూడా పిలిచి చెప్పడం అలవాటు చేసుకొన్నారు.

ఇంత తెలిసినా చెప్పకుండా దాచుకొన్నవారున్నారు. వారిని మూర్ఖులనడం న్యాయం కాదు. రెండు మందులనూ నిర్ణయించిన మోతాదులో కనీసం 80 శాతం, నిర్ణయించిన కాలంలో కనీసం 80 శాతం తీసుకొన్నవారికే వ్యాధి ఎక్కువగా కుదురుతున్నదని 2002లో లెక్క తేలినది. ఆయాసం వస్తున్నదంటే వైద్యుడు మాత్రలు తగ్గిస్తాడు. తగ్గిస్తే ఇన్నాళ్ళు పడిన పాట్లు వ్యర్థమౌతాయేమో! ఈ భయంతో ‘బాగానే ఉన్నాను’ అనేవారు. పరీక్షలో తప్పుతానేమోనని జ్వరాన్ని దాచి బడికి వచ్చే పిల్లవానికీ వారికీ భేదం లేదు. చెప్పినవారికి తగ్గింపు ఒక్కటే దారి కాదు: రక్తాన్ని వృద్ధిచేసే సూదులుండేవి, మనస్సుకు మందులుండేవి, రెండు వారాలు మోతాదు సర్ది మళ్ళీ పెంచడం ఉండేది. దాచినవారిలో కొందరు తీరా భరించలేక చికిత్సనే మధ్యలో విడిచిపెట్టేవారు.

2011లో టెలాప్రెవిర్ అనే మాత్ర వచ్చినది. ఇంటర్‌ఫెరాన్‌కు బదులుగా కాదు, దానికి అదనంగా. ఎనిమిది గంటలకొకసారి, ప్రతిసారీ ఇరవై గ్రాముల కొవ్వు ఉన్న ఆహారంతో మ్రింగవలెను. జీవితమంతా నెయ్యి, వెన్న తగ్గించమని చెప్పిన వైద్యులే ఇప్పుడు తినమని చెప్పవలసి వచ్చినది. గుణం ఎక్కువే కాని, ఒంటినిండా దద్దుర్లు కూడా దాని వెంట వచ్చేవి. ఎక్కువ కాలం నిలువలేదు.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్ అనుమతి పొందినది. వైరస్ తన ప్రతులను తాను తయారుచేసుకొనే యంత్రాంగాన్నే అడ్డగించే మాత్ర ఇది. శరీరంలో యుద్ధభేరి మ్రోగించవలసిన పని లేదు. మరికొద్ది కాలానికి దీని సరసన డక్లాటాస్విర్, వెల్పటాస్విర్ వంటివి చేరగా, సూది లేని పన్నెండు వారాల చికిత్స ఏర్పడినది. నూటికి తొంభై అయిదుగురికి పైగా కుదురుతున్నది. బాధ పోయినదిగాని ధర వచ్చిపడినది: అమెరికాలో పన్నెండు వారాలకు 84,000 డాలర్లు, అనగా మాత్రకు వెయ్యి డాలర్లు! భారతదేశంలో తయారీకి కొన్ని కంపెనీలకు అనుమతి లభించిన తరువాత, 2015లో హైదరాబాదు కంపెనీ నాట్కో 28 మాత్రల సీసాను 19,900 రూపాయల ధరకు విడుదల చేసినది. 2018 జూలై 28న భారత ప్రభుత్వం ఆరంభించిన జాతీయ కార్యక్రమం క్రింద ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు.

కొత్త మాత్రలకు దుష్ఫలితాలు లేవా? 2015లో సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్రను 624 మందికీ, ఉత్త మాత్రను 116 మందికీ ఇచ్చి పోల్చారు. తలనొప్పి అన్నవారు మందు తీసుకొన్నవారిలో 29 శాతం. ఉత్త మాత్ర తీసుకొన్నవారిలో 28 శాతం. అలసట ఇరుపక్షాలా 20 శాతమే. దుష్ఫలితం వస్తుందేమోనని కనిపెట్టుకొని కూర్చున్న మనిషికి తలనొప్పి రావడానికి మందే అక్కరలేదన్నమాట. అయినా ఆ నొప్పి అబద్ధం కాదు. దానికి నీళ్ళు, వేళకు భోజనం, నిద్ర, వైద్యునితో ఒక మాట సాధారణంగా చాలుతున్నవి.

జాగ్రత్త పడవలసినది ఇప్పుడు వేరొకచోట. ప్రమాదం ఈ మాత్రలో కన్న, దాని ప్రక్కన మ్రింగే వేరే మాత్రలో ఉన్నది. కడుపుమంటకు కొట్టులో కొనుక్కొనే మందులు వెల్పటాస్విర్‌ను ఒంటికి పట్టనివ్వవు. క్షయకు వాడే రిఫాంపిసిన్ సోఫోస్బువిర్ బలాన్ని తగ్గిస్తుంది. గుండె లయ తప్పినవారికి ఇచ్చే అమియోడరోన్‌తో కలిస్తే నాడి ప్రమాదకరంగా మందగించవచ్చును. లోపల హెపటైటిస్ బి కూడా అణగి ఉంటే, సి తొలగేసరికి అది తల ఎత్తవచ్చును. ముందుగా దానికి పరీక్ష చేయడం అందుకే. పసరులు, చూర్ణాలు వాడుతున్న రోగి ఆ సంగతి వైద్యునికి చెప్పడానికి సంకోచిస్తాడు, చీవాట్లు పడతాయని. ఆ సంకోచాన్ని పోగొట్టవలసిన బాధ్యత రోగికన్న వైద్యునిదే ఎక్కువ.

రైబవైరిన్ మాత్రం పూర్తిగా సెలవు తీసుకోలేదు. కాలేయం బాగా చెడి, పొట్టలో నీరు చేరినవారికి కొత్త మాత్రలతోపాటు నేటికీ దానిని ఇస్తున్నారు. వారికి మళ్ళీ అదే రక్తపరీక్ష, అదే హీమోగ్లోబిన్ లెక్క. మేడమీది గదిలో ఉండే అటువంటి రోగికి ఇంటివారు ఆ మూడు నెలలూ మంచం క్రింది గదిలోనే వేస్తే మంచిది.